ఆయన ఎక్కని లిఫ్టు

లిఫ్టు కదిలేటప్పుడు టక్‌మని చప్పుడు రావాలి. రాలేదు.

మా పక్కింటివాళ్ల అమ్మాయి నిశ్చితార్థానికి వెళ్లాను. తొండుపల్లి దాటాక రోడ్డు పక్కన ఫంక్షన్ హాలు, పై అంతస్తులో మధ్యాహ్నం భోజనాలు. నా కుర్చీ వెనక గోడలోనే, కింద వంటింట్లోంచి గిన్నెలు తెచ్చే సామాన్ల లిఫ్టు ఉంది. ఆరేళ్ల కిందట దాని డ్రాయింగు గీసింది నేనే. ఆ హాలని తెలిసే వెళ్లాను. అంతా సరిచేయించానని, అప్పట్లో నేను పనిచేసిన లిఫ్టుల షెడ్డు నడిపే ఆయన చెప్పాడు కదా, ఇక నాకు భయమెందుకు? పప్పు కలుపుకుంటూ చెవి మాత్రం అటే పెట్టాను. కింద మోటారు మూలిగింది, తాడు బిగిసింది, టక్ మాత్రం వినపడలేదు. కాసేపటికి బోను పైకొచ్చింది. అందులో బగారన్నం వండిన పెద్ద గిన్నె, ఇక్కడివాళ్ల మాటలో గంజు, దాని పక్కన నిలబడి ఇద్దరాడవాళ్లు, ఏదో మాటకి నవ్వుకుంటూ.

ఆ చప్పుడేమిటో చెప్పాలి. లిఫ్టు బోనును మోసేది ఉక్కు తాడు. తాడు తెగితే బోను కింద పడకుండా రెండు ఉక్కు పట్లు పక్కనున్న పట్టాలను కరిచి పట్టుకుంటాయి. మా షెడ్డులో వాటిని దవడలనేవాళ్లు. తాడు బిగువుగా ఉన్నంతసేపు అవి తెరుచుకుని ఉంటాయి, వదులైతే స్ప్రింగు వాటిని మూసేస్తుంది. కింద ఆగినప్పుడు బోను దిమ్మెల మీద ఆని తాడు వదులవుతుంది, అందుకని కిందినుంచి బయలుదేరిన ప్రతిసారీ దవడలు తెరుచుకుంటూ టక్‌మంటాయి. చప్పుడు లేదంటే దవడలు లేనట్టే.

పెట్టించానని ఆయన నాతో మూడుసార్లు చెప్పాడు. నెల కిందట పోయాడు. నాలుగోసారి అడగడానికి మనిషి లేడు.

ఆయన పేరు రాయను. గగన్‌పహాడ్‌లో మెయిన్ రోడ్డు నుంచి రెండు సందులు లోపలికి ఆయన షెడ్డు. సామాన్ల లిఫ్టులు చేసి హోటళ్లకీ గోదాములకీ హాళ్లకీ అమ్మేవాడు. అక్కడ నేను ఏడేళ్లు కొటేషన్లు రాశాను, డ్రాయింగులు గీశాను. మాది గుంటూరు వైపు. మొదటిరోజు అలవాటుగా "అన్నగారూ" అన్నాను. ఆయన సాసర్లో చాయ్ ఊదుకుంటూ నావైపు చూశాడు.

"గారు ఏంది చెల్లె? అన్న అంటే చాలదా? అది తీసెయ్. బరువు తగ్గుతది."

ఆ ఒక్క మాటలో మనిషి మొత్తం ఉన్నాడని నాకప్పుడు తెలీదు. దేన్ని చూసినా, ఇందులో ఏది తీసేస్తే ఎదుటివాడికి సరిపోతుందా అని చూసే కళ్లు ఆయనవి.

పొట్టి మనిషి. ఎప్పుడూ తెల్ల చొక్కానే వేసేవాడు, సుద్దముక్క మరక కనపడదని. జేబులో మూడు సుద్దముక్కలు ఉండాల్సిందే. కొలతల టేపు వాడగా నేను చూడలేదు. జానతో కొలిచేవాడు. ఆయన జాన ఎన్ని అంగుళాలో నేను, వెల్డర్ ఖాజా భాయ్ ఇద్దరం కంఠతా పట్టాం, ఎందుకంటే ఆయన ఫోన్లో చెప్పే కొలతలన్నీ జానల్లోనే ఉండేవి.

బేరం ఒక తమాషా. ముందు "మీకేం కావాలె?" అనేవాడు. అని, నోరు కొంచెం తెరిచి, కళ్లార్పకుండా వినేవాడు. తన మాట ఇంత శ్రద్ధగా పెళ్లాం కూడా వినదని ఒక పెద్దమనిషి నాతోనే అన్నాడు. విన్నాక లేచి, వాళ్ల ఆఫీసు నేల మీదే సుద్దతో లిఫ్టు గీసేవాడు. ఖరీదైన పాలరాయి అయినా సరే. గీస్తూ ఖాజా భాయ్‌కి ఫోన్ చేసేవాడు. రెండో చాయ్ వచ్చేలోపు ఇక్కడ నేల మీద లిఫ్టు ఆకారం మారేది, అక్కడ షెడ్డులో ఇనుము తెగేది. పప్పుల గోదాము ఆయనకి కప్పు తక్కువ ఎత్తు. "అయితది," అన్నాడు. మోటారు పైన ఉండాల్సింది పక్కకి దిగింది. మిఠాయిల కొట్టాయనకి తలుపు రెండువైపులా కావాలి. "అయితది." సంతకం పెట్టేలోపే వేరే తలుపు సిద్ధం. నిజం చెప్పొద్దూ, చూస్తుంటే ముచ్చటేసేది. అలాంటి పనివాణ్ని నేను మళ్లీ చూడలేదు.

ఎయిర్‌పోర్టు దగ్గర కావడంతో మా వైపు బేరాలకి మధ్యలో విమానాలు అడ్డొస్తాయి. నెత్తిమీదుగా పోతుంటే ఎంతటివాడైనా నోరు మూసుకోవాల్సిందే. అవతలివాళ్లు ఆ కాసేపు విసుక్కునేవారు. ఆయనకి ఆ కాసేపే చాలు. చప్పుడు దూరమయ్యేసరికి సుద్ద గీత ఇంకోచోటికి జరిగి ఉండేది.

ధర మాత్రం తగ్గించేవాడు కాదు. "ఎక్కువైంది," అని ఎవరైనా అంటే వాదించకుండా, నేల మీది బొమ్మలో ఒక గీత మీద కాలు పెట్టేవాడు.

"ఇది లేకున్నా మీకు నడుస్తదా?"

నడుస్తుందంటే కాలితో చెరిపేసేవాడు. ఒక్కోసారి ఒక అర, ఒక్కోసారి రెండో గొళ్లెం, ఒక్కోసారి గంట. చెరిపేసిన వస్తువు అప్పటికే తయారై ఉంటే షెడ్డు మూలనున్న ఆకుపచ్చ పెట్టెలోకి పోయేది. మిఠాయి డబ్బా అట్ట కత్తిరించి, దానికి చీటీ కట్టేవాడు. చీటీ మీద ఎప్పుడూ రెండు వరసలు. మొదటిది అడిగేది, రెండోది కావాల్సింది. ఒకసారి ఒక చీటీ చదివి పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను. 'అడిగేది: ధర తగ్గాలె. కావాల్సింది: బావమరిది ముందర పరువు.' ఇంకోదాని మీద, 'అడిగేది: పెద్ద మోటారు. కావాల్సింది: పక్క హోటలోని దానికన్న పెద్దది.'

"అడిగేది ఇస్తే ఒక్కసారి కొంటడు చెల్లె," అనేవాడు. "కావాల్సింది ఇస్తే మల్ల మల్ల వస్తడు."

ఇంకో అలవాటు. ఏ లిఫ్టయినా బిగించాక మొదటి బరువు ఆయనే. చెప్పులు విప్పి, బోను మధ్యలో బాసిపట్టు వేసుకుని, ఒళ్లో కొబ్బరికాయ పెట్టుకుని కూర్చునేవాడు. ఖాజా భాయ్ ముందుగా తాడు పొడవునా పాత నూలుగుడ్డతో తుడిచేవాడు. తాడులో ఎక్కడైనా సన్నతీగ తెగి ఉంటే గుడ్డ చిక్కుకుంటుంది. చిక్కకపోతే "చలో భాయ్" అని బటన్ నొక్కేవాడు. టక్‌మనేది. ఆయన నవ్వుతూ పైకి పోయి, పై అంతస్తులో కొబ్బరికాయ కొట్టేవాడు. "నేనెక్కినంక మీ అన్నం ఎక్కుతది," అనేవాడు కొన్నవాళ్లతో. వాళ్ల మొహాలు వెలిగిపోయేవి. అమ్మకంలో అది కూడా ఒక భాగమని నాకు తెలుసు. అయినా నమ్మకం కలిగేది. దవడల మీద ఆయన కాలు ఎప్పుడూ పడలేదు మరి.

ఒక్కసారి పడింది.

ఈ తొండుపల్లి హాలు అప్పుడు కొత్తగా కడుతున్నారు. నాలుగో రోజు మొదటి పెళ్లి. యజమాని ఎర్రబడ్డ కళ్లతో తిరుగుతున్నాడు, పాపం నిద్రలేక. ఆయనకి లిఫ్టు బోను వంటింటి నేలతో సమానంగా ఆగాలి. గంజులు చక్రాల బల్ల మీద నేరుగా లోపలికి దొర్లాలి, ఎత్తి పెట్టకూడదు. బోను కింద దవడలు ఉంటాయి కాబట్టి నేలలో జానన్నర గుంత తవ్వాలి. గడ్డపార వేస్తే నిప్పులు లేచాయి. కింద ఒకటే బండ.

"తవ్వుడు కాదు. పేల్చుదామంటె పక్కనె విమానాలు, ఎవడు ఒప్పుకుంటడు?" అన్నాడు యజమాని. "నాకు నేలతోటి సమానంగ కావాలె. నీతోని కాకుంటె చెప్పు, బాలానగర్ల వేరేటోని దగ్గరికి పోత."

నేను ఊరుకోలేదు. "దవడలు బోను పైన కూడా పెట్టొచ్చండీ. చట్రం మార్చాలి, పది రోజులు పడుతుంది," అన్నాను.

"పది దినాలా? పెండ్లివాళ్లకు ఏం చెప్పాలె నేను?"

అప్పుడే విమానం వచ్చింది. అందరం నోళ్లు మూసుకున్నాం. ఆయన నేల మీది బొమ్మను చూస్తున్నాడు. అది దాటిపోయేంతసేపూ చూశాడు. చప్పుడు తగ్గాక కుడికాలు ముందుకు జరిపి, బోను కింద గీసిన రెండు గీతల మీద పెట్టాడు. అవి దవడలు.

"ఇందుల మనుషులు ఎక్కుతరా?" అని యజమానిని అడిగాడు.

"మనుషులెందుకు? సామాన్లే."

"అయితది," అని కాలితో చెరిపేశాడు.

బయటికొచ్చాక కారు దగ్గర ఆయన్ని పట్టుకున్నాను. వంటవాళ్లు ఎక్కకుండా ఉంటారా అన్నాను. "బోర్డు పెడదాం. ముందు నడవని చెల్లె. పెండ్లిళ్లు తగ్గినంక నువ్వు చెప్పినట్టు పైన పెట్టిద్దాం. నేను కాదంటున్ననా?" అన్నాడు. కాదనడం ఆయనకి చేతకాదు. కొనేవాళ్లనే కాదు, నన్నూ కాదనలేదు. ఆ సాయంత్రం దవడలు లేని డ్రాయింగు గీసి సంతకం చేసింది నేనే. ఉద్యోగం పోతుందని ఎవరూ బెదిరించలేదు. గీయమన్నాడు, గీశాను. ఈ మాట రాయడానికి సిగ్గేస్తోంది.

నాలుగో రోజు పొద్దున బిగింపు అయిపోయింది. మామిడాకులు కట్టారు. ఆయన చెప్పులు విప్పాడు. కొబ్బరికాయ చేతిలోకి తీసుకుని బోను ముందు నిలబడ్డాడు. ఖాజా భాయ్ తాడు తుడిచి, బటన్ దగ్గర వేలు పెట్టుకుని చూస్తున్నాడు. ఆయన ఒక కాలు లోపల పెట్టి, వెనక్కి తీసుకున్నాడు.

"మోకాలు నొస్తున్నది," అన్నాడు. "ఇయ్యాల బియ్యం బస్తాను పంపుదాం."

బస్తా చప్పుడు లేకుండా పైకి పోయింది. కొబ్బరికాయ కింద గడప మీదే కొట్టాడు. ఖాజా భాయ్ నావైపు చూశాడు, నేను కొబ్బరిచిప్ప వైపు చూశాను. చెప్పులు వేసుకుని బండి దాకా ఆయన మామూలుగానే నడిచాడు. ఆ మోకాలు మళ్లీ ఎప్పుడూ నొప్పెట్టినట్టు నేను వినలేదు.

రెండు నెలలాగి మొదటిసారి అడిగాను. "పెట్టిచ్చిన చెల్లె," అన్నాడు, తల ఎత్తకుండా. షెడ్డులో ఆ పని జరిగిన ఆనవాలేమీ లేదు. హాలుకే పోయి చేయించి ఉంటాడులే అనుకున్నాను. ఉద్యోగం మానేసిన రోజు రెండోసారి అడిగాను. "పైన పెట్టిచ్చిన, నీ డ్రాయింగు ప్రకారమె," అన్నాడు. ఈసారి నా డ్రాయింగు పేరు కలిపాడు. నాకు బాగా నచ్చింది.

మూడోసారి దవాఖానలో. షుగరు ముదిరి పాదం పాడైంది, తర్వాత ఒక్కొక్కటే. నేను వెళ్లేసరికి పక్క మంచం ముసలాయనతో బేరంలో ఉన్నాడు. ముసలాయనకి తలగడ ఎత్తు చాలడం లేదు. "మీకేం కావాలె, ఎత్తు కావాల్నా, కిటికీ కనబడాల్నా?" అని అడిగి, కిటికీయే అని తేల్చి, నర్సు చేత మంచాన్నే తిప్పించాడు. నవ్వొచ్చింది, కన్నీళ్లూ వచ్చాయి. మనిషి సగమైపోయాడు. జేబు లేని చొక్కాలో సుద్దముక్కలు లేక చేతులు ఊరికే దుప్పటి మీద గీస్తున్నాయి.

వెళ్లేముందు అడగకుండా ఉండలేకపోయాను. "అన్నా, ఆ తొండుపల్లి హాలు..."

ఆయన నావైపు చూశాడు. నోరు కొంచెం తెరిచి, కళ్లార్పకుండా. ఆ చూపు నాకెంత పరిచయమో అప్పుడు తట్టలేదు.

"పరేషాన్ కాకు చెల్లె. పోయి ఇను. టక్ అంటది."

నా ఒంట్లోంచి ఏదో బరువు దిగింది. ఆటోలో వస్తూ హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. పోయి విన్నానా? లేదు. ఇరవై నిమిషాల దారి. వినకుండా ఉంటేనే ఆ మాట చెక్కుచెదరకుండా ఉంటుందని ఎక్కడో తెలుసనుకుంటాను.

మళ్లీ ఆ మధ్యాహ్నానికి వస్తాను. చెయ్యి కడుక్కోకుండానే లేచి లిఫ్టు దగ్గరికి వెళ్లాను. గంజు దింపుతున్న ఇద్దరిలో పెద్దావిడతో, "దీంట్లో మనుషులు ఎక్కకూడదమ్మా," అన్నాను.

"మెట్లెక్కి గింత గంజు ఎవరు మోస్తరక్కా?" అంది ఆవిడ. "ఆరేండ్ల సంది గిట్లనె."

ఆయన పెట్టించిన బోర్డు గోడకి ఉంది. దాని మేకుకి ఎవరిదో తువ్వాలు వేలాడుతోంది. తలుపు మూయనిదే కదలకుండా ఆపే స్విచ్చును గుడ్డపీలికతో కట్టేశారు, మాటిమాటికీ ఆగిపోతోందని కాబోలు. వరండాలోకి వచ్చి ఖాజా భాయ్‌కి ఫోన్ చేశాను. తొండుపల్లి హాలు దవడలు ఎప్పుడైనా బిగించావా అని అడిగాను.

"నేనైతె పెట్టలే మేడం. సేఠ్ వేరేటోన్తోని పెట్టిచ్చిన అన్నడు. ఆగుండ్రి, పెట్టె చూస్త." మూత కిర్రుమంది. ఇనుము మీద ఇనుము రాసుకున్న చప్పుళ్లు చాలాసేపు వినపడ్డాయి. "ఉన్నయ్ మేడం. జతకు జత. చీటీ గూడ ఉంది, నాకు తెలుగు సదువరాదు గద. ఫోటో పంపుతున్న."

ఫోటో వచ్చింది. ఆయన రాతే. 'తొండుపల్లి హాలు. అడిగేది: నేలతోటి సమానం. కావాల్సింది: నాలుగో దినానికి.'

"ఎనకాల గూడ ఏందో రాసిండు మేడం. అది గూడ పంపుతున్న. నేను సామాన్ తీసుకొని బయలెల్లుతున్న."

రెండో ఫోటో తెరిచాను.

'చెల్లె. అడిగేది: దవడలు పెట్టిన్రా. కావాల్సింది: పెట్టిన అనే మాట.'

ఏడేళ్లు ఆయన పక్కన కూర్చుని, జనం తమకు సరిపడేది పట్టుకుని సంతోషంగా వెళ్లిపోవడం చూసి నవ్వుకున్నాను. ఆ వరసలో నేనూ ఉన్నాను. నా కొలత ఆయన సరిగ్గానే తీశాడు. నాకు ఆయన మీద కోపం వచ్చింది, చచ్చినవాడి మీద రాకూడనంత కోపం. అంతకన్నా ఎక్కువగా నామీద వచ్చింది.

మెట్లు దిగి వెళ్లాను. కింద వంటింట్లో బోను నేలతో సమానంగా, వాళ్లు కోరుకున్నట్టే, చక్కగా ఆగి ఉంది. పప్పుచారు గంజు తోసుకుంటూ ఆ ఇద్దరూ వస్తున్నారు. నేను వాళ్లకన్నా ముందు లోపలికి వెళ్లి, చెప్పులు విప్పి, మధ్యలో బాసిపట్టు వేసుకుని కూర్చున్నాను.

"ఏమైందక్కా? కండ్లు తిరిగినయా?" అంది పెద్దావిడ.

మేనేజరు పరుగున వచ్చాడు. "మీకేం కావాలె మేడం?" అన్నాడు.

ఆ ప్రశ్న వినగానే ఏడుపొచ్చింది. దీన్ని ఆపాలి, ఖాజా భాయ్ వచ్చి చూసేదాకా ఎవరూ ఎక్కకూడదు అన్నాను.

"పైన వందల మంది తింటున్నరు మేడం. సరే, ఆడోళ్లను ఎక్కనియ్య. ఒట్టి సామాన్లె. సరేనా? రేపు పొద్దుగాల్ల మీరు చెప్పేది పెట్టిస్త. పక్కా."

నాకు కావాల్సిందేమిటో వెతుకుతున్నాడు. ఇంకాసేపు వెతికితే దొరికేదేమో, నా గురించి నాకు తెలుసు. ఈలోగా పైన పప్పుచారు కోసం ఎవరో బటన్ నొక్కారు. తలుపు తీసే ఉంది, అయినా మోటారు మూలిగింది. తాడు బిగిసింది. ఇంత తెలిసీ నా చెవులు ఆ టక్ కోసం ఎదురుచూశాయి. బోను నన్ను మోస్తూ చడీచప్పుడూ లేకుండా నేల విడిచింది. మోకాలు నొస్తుందని ఆయన ఎందుకన్నాడో అరికాళ్లకి తెలిసింది.

మేనేజరు మెయిన్ స్విచ్చు ఆపాడు. జానెడు ఎత్తులో ఆగాను. నేను దిగలేదు. తిట్టుకుంటూ వాళ్లు గంజులోది బకెట్లలోకి వంచుకుని మెట్ల మీదుగా మోశారు. నా పక్క నుంచి పోతూ పెద్దావిడ ప్రతిసారీ ఒక మాట అంది. పడ్డాను.

అరగంటకి ఖాజా భాయ్ వచ్చాడు. సంచీలో దవడలు, భుజం మీద నూలుగుడ్డ. నిచ్చెన వేయించుకుని పైకెక్కాడు. గుడ్డను తాడు చుట్టూ పెట్టి కిందికి తుడవడం మొదలుపెట్టాడు. గుడ్డ చిక్కుకుంది. లాగి విడిపించి, మళ్లీ తుడిచాడు. జానెడు దిగకముందే మళ్లీ చిక్కుకుంది. మూడోసారి చిక్కుకున్నప్పుడు విడిపించకుండా అక్కడే వదిలేశాడు.

"మేడం," అన్నాడు పైనుంచి, చాలా నెమ్మదిగా. "లేవకుండ్రి. కూసున్నట్టె జరుగుకుంట బయటికి రాండ్రి."

జరుక్కుంటూ వచ్చాను. బకెట్ చేతిలో పట్టుకుని పెద్దావిడ తాడు వైపు తలెత్తి చూస్తోంది. చిక్కుకున్న నూలుగుడ్డ అక్కడే వేలాడుతోంది. పెద్దావిడ పక్కనున్న రెండో ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"ఇంతకుముందె గదనే మనం దీంట్ల దిగింది," అంది.